ఫెడరేషన్ పెడతానంటున్న మేనకోడలికి

చి. సౌ. మేనకోడలికి,

అత్తయ్య ఆశీర్వదించి రాయునది. మీ నాన్న నిన్న రాత్రి ఫోను చేశాడు. నువ్వు ఆ రాష్ట్రం సంఘాన్నీ ఈ రాష్ట్రం సంఘాన్నీ కలిపి, అమెరికాలోని మన భారతీయులందరి తరఫున వాషింగ్టన్‌లో మాట్లాడే ఫెడరేషన్ ఒకటి పెట్టబోతున్నావట. గ్రీన్‌కార్డుల వరస, వీసాల గొడవ, మనవాళ్ల మీద దాడులు, ఇక్కడే పెరిగి ఇరవై ఒక్క ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ పోగొట్టుకునే పిల్లలు, ఇవన్నీ నెత్తిన వేసుకున్నావట. "అక్కా, నువ్వైనా చెప్పు, ముందు ఉద్యోగం చూసుకోమను" అన్నాడు. సరేనన్నాను. ఫోను పెట్టేశాక మీ మామయ్యకు ఈ కబురు ఎన్నిసార్లు చెప్పానో, చివరికి ఆయన "విన్నానులే, మీ పోలికే వచ్చింది" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. పొగిడారో తిట్టారో తెలియలేదు. నాకు మాత్రం గర్వంగానే ఉంది. భయం అంతకంటే ఎక్కువగా ఉంది.

ముందు నా భయం తీర్చు. నువ్వింకా హెచ్‌1బి మీదే ఉన్నావు. గౌరవ వేతనమని గానీ, ఖర్చుల కిందని గానీ, మరే ముద్దుపేరుతో గానీ ఫెడరేషన్ నుంచి జీతంలాంటిది ఒక్క డాలరు కూడా తీసుకోకు. ఆ వీసా నీకు నీ కంపెనీలో పని కోసం ఇచ్చారు. మరొకరి దగ్గర జీతం పుచ్చుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం, ఇన్నేళ్ల నీ నిరీక్షణ దానితో మట్టిలో కలుస్తుంది. ఇక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌లో సభ్యుణ్ణి కలిసి గోడు చెప్పుకోవడానికి పౌరసత్వం అక్కర్లేదు, అది ఈ దేశంలో ఎవరికైనా ఉన్న హక్కు. కానీ ఎన్నికల చందా సంగతి వేరు. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు కాంగ్రెస్ అభ్యర్థికే కాదు, ఊళ్లో స్కూలు బోర్డుకు నిలబడిన అభ్యర్థికి కూడా పైసా ఇవ్వకూడదు. అభ్యర్థి నిధుల కోసం పెట్టే విందుకు టికెట్ కొన్నా అది చందా కిందికే వస్తుంది. "డబ్బు నాది, చెక్కు మా బావది" అనే తెలివితేటలు ఎవరైనా చూపిస్తే అక్కడే ఆపు, అది నేరం. ఇదంతా నీకు తెలుసని నాకు తెలుసు. అయినా చదివి, చదివానని జవాబు రాయి.

రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపు, చెక్కు మీద ఇద్దరి సంతకాలు, పన్నుల శాఖకు ఏటా వేసే 990 ఫారం, ఇవి ఎవరైనా చెబుతారు. ఆ ఫారం వరసగా మూడేళ్లు వేయకపోతే మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. 501(సి)(3) సంఘం, అంటే ఆ మినహాయింపు పొందిన సేవాసంస్థ, ఏ అభ్యర్థినీ బలపరచకూడదు, చట్టాల కోసం ఒత్తిడి తేవడానికీ దానికొక హద్దు ఉంది. లాయరును, అకౌంటెంటును డబ్బిచ్చే పెట్టుకో. మనవాడే కదా ఊరికే చేస్తాడని నమ్ముకుంటే, గడువు దగ్గర పడ్డాక ఆ మనవాడు ఫోను ఎత్తడు.

ఇంకొక మాట. ఇక్కడ మనవాళ్ల కష్టం చెప్పుకునే సంఘం ఢిల్లీ మాట మోసే సంఘంగా కనబడకూడదు. విదేశీ ప్రభుత్వం చెప్పినట్టు ఇక్కడ రాజకీయం నడిపేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలని 1938 నుంచీ చట్టం ఉంది. కాన్సులేటు వాళ్లు దీపావళికి పిలిస్తే వెళ్లు, స్వీటు తిను, వచ్చేయి. వాళ్లు రాసిచ్చిన కాగితం పట్టుకుని కాంగ్రెస్ మెట్లు ఎక్కకు.

ఇక అసలు సంగతి సభ్యత్వం. ఎవరు సభ్యులు, ఎవరికి ఓటు, సభ్యత్వ చందా ఎవరు కట్టారు. నువ్వు పంపిన పథకం మీ నాన్న నాకు ఫోనులో చదివి వినిపించాడు. లక్ష్యాలు రెండు పేజీలు, లోగో గురించి అర పేజీ, సభ్యత్వం గురించి ఒకటే వాక్యం: "ఆసక్తి గల వారందరూ సభ్యులు కావచ్చు." అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు.

ఎనభైల్లో నేను పనిచేసిన సంఘం పేరు చెప్పను. దాన్ని పెట్టినవాళ్లలో కొందరు లేరు, ఉన్నవాళ్లు ఇప్పటికీ పెళ్లిళ్లలో ఒకరినొకరు తప్పుకుని నడుస్తారు. నేను మినిట్స్ రాసేదాన్ని. మా నియమావళిలోనూ నీ వాక్యమే ఉండేది, ఇంకాస్త మంచి ఇంగ్లీషులో. చందా పది డాలర్లు. ఎన్నికలకు నెల ముందు గడువు. ఆ ఏడాది మహాసభకు పెద్ద హాలు మాట్లాడి, అడ్వాన్సు కట్టాక ఖజానా ఖాళీ అయింది. సరిగ్గా గడువు రోజు సాయంత్రం అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఒక డాక్టరుగారి తరఫు మనిషి సూట్‌కేసు తెచ్చి బల్ల మీద తెరిచాడు. నిండా కొత్త సభ్యత్వ దరఖాస్తులు. చాలావాటి మీద ఒకే చేతిరాత. అన్నిటికీ కలిపి ఒకటే చెక్కు.

కార్యవర్గం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంది. ఇది తప్పని అందరి ముఖాల్లోనూ రాసి ఉంది. కాదనడానికి నియమావళిలో ఆధారం లేదు. అంతకన్నా పెద్ద అడ్డం, ఆ చెక్కు బ్యాంకులో వేస్తే హాలు బాకీ తీరుతుంది. చివరకు కోశాధికారి ఒక మాట అన్నాడు: "ఎవరు కట్టినా డాలరు డాలరే కదా." అందరూ తలలూపారు. ఆ వాక్యం మినిట్స్‌లోకి ఎక్కించాను. ఎప్పుడైనా చూపిస్తాను, ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది.

ఈ సంగతి అవతలి పక్షానికి తెలియడానికి ఎంతసేపు పట్టింది? వాళ్లు గడువు పొడిగించమన్నారు. పొడిగించారు, న్యాయం కదా! వాళ్లు రెండు సూట్‌కేసులు తెచ్చారు. పెన్సిల్వేనియాలో ఒకే ఇంటి చిరునామా మీద ఇరవైకి పైగా సభ్యులు తేలారు. ఆ ఇంట్లో పాపం ఒక విద్యార్థి, అతని భార్య మాత్రమే ఉంటారు. ఎన్నికల రోజున గొంతులు లేచాయి, కుర్చీలు లేచాయి, పోలీసులూ వచ్చారు. ఆ తర్వాత కోర్టు. బ్యాంకు ఖాతా ఆగిపోయింది. రెండు కార్యవర్గాలు, రెండు లెటర్‌హెడ్‌లు, వేరువేరు నగరాల్లో ఒకే వారాంతం రెండు మహాసభలు. రెండు చోట్లా ఒకే గాయకుణ్ణి పిలిచారు. ఆయన మాత్రం తెలివిగా రెండూ మానుకున్నాడు.

ఇక్కడితో అయితే ఇది నవ్వుకునే కథ. కానీ కుటుంబాల వీసాల విషయంలో ఒక సవరణ కోసం మేం చాలాకాలంగా ఒక కాంగ్రెస్ సభ్యుడి చుట్టూ తిరుగుతున్నాం. ఆయన దగ్గర పనిచేసే ఒక కుర్రవాడు మా పట్ల ఎంతో ఓపికగా ఉండేవాడు. కొత్త కార్యవర్గం తరఫున వెళ్లినవాళ్లతో నేనూ వెళ్లాను. అతను సొరుగు తెరిచి రెండు ఉత్తరాలు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. పైన ఒకే సంఘం పేరు, కింద వేరే వేరే అధ్యక్షుల సంతకాలు, లోపల సవరణ గురించి రెండు రకాల కోరికలు. "వీటిలో మీది ఏది?" అని మర్యాదగానే అడిగాడు. మా వాళ్లు ఎదుటి పక్షం ఎంత మోసగాళ్లో వివరించడం మొదలుపెట్టారు. అతను కాసేపు విని, రెండు ఉత్తరాలనూ మళ్లీ అదే సొరుగులో పెట్టి, గడియారం చూశాడు. ఆ తర్వాత ఆ కార్యాలయం నుంచి మాకు క్రిస్మస్ కార్డు తప్ప మరేమీ రాలేదు.

అదే కాలంలో, 1987లో, న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో బొట్టు పెట్టుకున్నవాళ్లను ఊరి నుంచి తరిమేస్తామని "డాట్‌బస్టర్స్" పేరుతో పత్రికకు ఉత్తరం వచ్చింది. సెప్టెంబరులో ఆ పక్కనే ఉన్న హోబోకెన్‌లో నవరోజ్ మోడీ అనే యువకుణ్ణి కొట్టి చంపారు. ఆయన పార్సీ. కొట్టేవాళ్లకు ఎవరు ఏ మతమో, ఎవరు ఏ భాషో అక్కర్లేకపోయింది. ఆ రోజుల్లో నేను రైలు దిగి ఇంటికి నడిచేటప్పుడు చీర మీద కోటు మెడదాకా బిగించుకునేదాన్ని, బొట్టు చెరిపేసుకునేదాన్ని. వీధిలోకి వచ్చి నిలబడింది అక్కడి దుకాణాలవాళ్లు, కాలేజీ పిల్లలు. మా సంఘం ఒక ఖండన ప్రకటన ఇద్దామనుకుంది. ఏ అధ్యక్షుడు సంతకం చేయాలో తేలక అది కూడా బయటికి రాలేదు. పైగా శివార్లలో పెద్ద ఇళ్లలో ఉన్న మా పెద్దమనుషులు కొందరు, "ఆ ఇరుకు వీధులవాళ్ల గొడవ మనకెందుకు" అన్నారు. సభ్యుల జాబితాలో ఆ వీధులవాళ్లు ఎవరూ లేరు. పది డాలర్లు వాళ్ల తరఫున కట్టాలని ఎవరికీ తోచలేదు, వాళ్ల ఓట్లు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి.

అందుకే చెబుతున్నాను, నియమావళి మొదటి పేజీలోనే రాసిపెట్టు. ఫెడరేషన్‌లో సభ్యులు సంఘాలు కావాలి, మనుషులు కాదు. సంఘానికి ఓట్లు దాని సభ్యుల సంఖ్యను బట్టి ఇస్తే మళ్లీ సూట్‌కేసులు వస్తాయి, కాబట్టి ఒక గరిష్ఠ పరిమితి పెట్టు. చందా ఎవరిది వారి ఖాతా నుంచే రావాలి. ఓటు హక్కు రావాలంటే చేరి కనీసం ఒక ఏడాది గడవాలి. పదవి రెండేళ్లు, వరసగా రెండుసార్లకు మించి కాదు, అది నీకు కూడా వర్తిస్తుంది. తగవు వస్తే కోర్టుకు ముందు మధ్యవర్తి దగ్గరికి. మహాసభ డబ్బు వేరే ఖాతా, వాషింగ్టన్ పని డబ్బు వేరే ఖాతా, ఒకదాని నుంచి ఇంకోదానికి అప్పు కూడా ఇవ్వకూడదు. మా కొంప ముంచింది హాలు అడ్వాన్సు. మహాసభ అనేది చీపురుపుల్ల అడిగి ఇల్లంతా ఊడ్చుకుపోయే చుట్టం.

సంఘాలు రెండైతే కూడదని నేను అనడం లేదు. మన తెలుగువాళ్లే చూడు, 1977లో న్యూయార్క్‌లో మొదటి మహాసభ జరిగి తానా వచ్చింది, 1990లో ఆటా, 2009లో నాట్స్. అన్నిటిలోనూ నాకు స్నేహితులున్నారు, అన్నిటి శాలువాలూ మీ మామయ్య బీరువాలో ఉన్నాయి. పండుగకు పది వేదికలున్నా నష్టం లేదు. చట్టం దగ్గరకు వెళ్లేటప్పుడు మాత్రం ఎవరు దేని గురించి అడుగుతున్నారో ముందే తేల్చుకోవాలి. 1940ల్లో ఇక్కడ మనవాళ్లు రెండున్నర వేల మంది కూడా లేరు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు మనవాళ్లు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చి, ఇచ్చిన పౌరసత్వాలను కూడా వెనక్కి లాక్కోవడానికి దారి తీసింది. ఆ దెబ్బకు సర్వం పోగొట్టుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ 1928లో ప్రాణం తీసుకున్నాడు. అలాంటి స్థితిలోంచి జె.జె. సింగ్ ఇండియా లీగ్ ఆఫ్ అమెరికా ఒకవైపు, ముబారక్ అలీ ఖాన్ ఇండియా వెల్ఫేర్ లీగ్ ఇంకోవైపు వాషింగ్టన్ తలుపులు తట్టాయి. వాళ్లకు ఒకరంటే ఒకరికి పడేది కాదు. సింగ్‌గారికి పత్రికల వాళ్లతో, పెద్దవాళ్లతో పరిచయం. ఖాన్‌గారు అప్పటికే ఇక్కడున్న కూలీల, రైతుల మాట మాట్లాడేవారు. చివరకు 1946 జులైలో ట్రూమన్ సంతకం చేసిన లూస్-సెల్లర్ చట్టంలో రెండు కోరికలూ ఉన్నాయి: ఉన్నవాళ్లకు పౌరసత్వం, కొత్తగా రావడానికి ఏటా వందమందికి చోటు. వందే! అయినా ఆ చట్టం వల్లే దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. ఒకే సంఘం పేరుతో రెండు ఉత్తరాలు పంపడం కన్నా, రెండు సంఘాలుగా ఉండి ఎవరి మాట వాళ్లు సూటిగా చెప్పడం నయం.

ఒక్క కష్టం చుట్టూ పుట్టిన సంఘాలు ఎలా నిలిచాయో గమనించు. విదేశాల్లో చదివిన డాక్టర్లను ఇక్కడ వేరుగా చూస్తున్నారని 1982లో భారతీయ డాక్టర్ల సంఘం ఆపి పుట్టింది. మోటెళ్లు నడిపే మన గుజరాతీలకు బీమా కంపెనీలు బీమా ఇవ్వడానికి మొహం చాటేస్తే ఆ పోరాటంలోంచి హోటళ్ల యజమానుల సంఘం ఆహోవా వచ్చింది. అంతకుముందు 1967లో పుట్టిన అసోసియేషన్ ఆఫ్ ఇండియన్స్ ఇన్ అమెరికా జనాభా లెక్కల వాళ్ల వెంటపడింది. 1970 లెక్కల్లో మనల్ని తెల్లవాళ్లలో కలిపేశారు. 1980 ఫారంలో "ఏషియన్ ఇండియన్" అనే గడి వచ్చింది, మూడున్నర లక్షల పైచిలుకు మనుషులు తేలారు. అప్పుడూ మనలోనే కొందరు వద్దన్నారు, మైనారిటీ అనిపించుకోవడం నామోషీ అని. ఆ గడి లేకపోతే 2011లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో మనవాళ్ల భాషలో ఓటు పత్రం ఇవ్వాలన్న ఆదేశం వచ్చేదా? 2020 నాటికి మనం నలభై లక్షలు దాటాం. అయినా ఆదివారం సమావేశానికి నలభై మంది రారు. నువ్వు ఎదుర్కోబోయేది అదే.

గ్రీన్‌కార్డుల పోరాటం నీకు ప్రాణమని తెలుసు. ఉద్యోగాల కోటా ఏటా 1,40,000, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న పరిమితి, నీలాంటి వాళ్లు దాంట్లో నలుగుతున్నారు. ఆ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో గెలిచింది. 2020 డిసెంబరులో సెనేట్ తన రూపంలో ఆమోదించింది. రెండు రూపాలూ కలవకుండానే ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది. అంత దగ్గరగా వచ్చి జారిపోయిందంటే కారణాలు చాలా ఉంటాయి. నాకు కనబడింది ఒకటి. మనం ముందుకు జరిగితే తాము వెనక్కి పోతామని వేరే దేశాల వాళ్లు హడలిపోయారు, వాళ్లతో కూర్చుని మాట్లాడిన మనవాళ్లు తక్కువ. మొత్తం సంఖ్యే పెంచమని అందరితో కలిసి అడగడం కష్టమైన దారి, పొడుగైన దారి. ఆ దారే పట్టమంటాను. థిండ్‌గారి వకీళ్లు తమ కక్షిదారు ఉన్నత కులపు ఆర్యుడని, మిగతా ఆసియా వాళ్లలాంటివాడు కాదని వాదించారు. అయినా ఓడిపోయారు.

నీ సభ్యులలో భర్త వీసా మీద ఆధారపడి వచ్చిన భార్యలు ఉండాలి, పెట్రోలు బంకు కుర్రవాళ్లు ఉండాలి, కాగితాలు లేనివాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు కూడా ఉండాలి. 2017లో కాన్సస్‌లోని ఒలేత్‌లో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను తుపాకీతో కాల్చి చంపిన వార్త వచ్చినప్పుడు అందరం ఏడ్చాం, కొవ్వొత్తులు పట్టుకున్నాం. భర్త పోవడంతో ఆయన భార్యకు ఈ దేశంలో ఉండే హక్కూ పోయిందన్న సంగతి ఎంతమందికి తట్టింది? అక్కడి అప్పటి కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకుంటే ఆమె తిరిగి రాగలిగింది. అలాంటి రాత్రి ఫోను ఎత్తేవాళ్లు, ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో తెలిసినవాళ్లు మీ ఫెడరేషన్‌లో ఉంటే చాలు, అప్పుడు మహాసభలో ఎవరు పాడినా నాకు అభ్యంతరం లేదు.

ఆడపిల్లవు కనుక ఇది కూడా విను. మొదటి సమావేశంలోనే నిన్ను సాంస్కృతిక కమిటీకో భోజనాల కమిటీకో వేయబోతారు, ఎంతో ఆప్యాయంగా. పెట్టింది నువ్వే అయినా వేస్తారు. వద్దని చెప్పు, నవ్వుతూ చెప్పినా సరే. పద్దులు నీ చేతిలో ఉంచుకో. నేను ఏళ్ల తరబడి మినిట్స్ రాశాను, ఒక్కసారి కూడా నా అభిప్రాయం అడగలేదు. తప్పు పోయిన చోటల్లా సరైన మాట రాయగలిగినదాన్ని, పలకలేకపోయాను. నువ్వు పలుకుతావు, చిన్నప్పటి నుంచీ అంతే. నిన్ను తిడుతున్నానని అనుకోకు తల్లీ, ఇంతసేపు తిట్టడానికి నాకు నీ మీద ఉన్నంత ఆశ మరెవరి మీదా లేదు.

రాత్రిళ్లు సమావేశాలైతే ఒంటరిగా కారు నడిపి రాకు. నియమావళి ముసాయిదా తయారైతే ఈమెయిలు పంపకు, తెర మీద చదివితే నాకు కళ్లు మండుతాయి. పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి పోస్టులో పంపు. సభ్యత్వం సెక్షను వేరే కాగితం మీద, పక్కన దిద్దడానికి బాగా ఖాళీ వదిలి పంపు. వారంలోగా తిప్పి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య